అందింది

తెల్లారగట్ల ఐదుంపావు. మిల్డ్యూరాలో ఇంకా చీకటే.
కెటిల్ మరిగేలోపు పాస్‌వర్డు కొడతాను.
ఆరంకెల కోడ్ వస్తుంది, అదే ఫోన్‌కి.
నేను నేనేనని
నాకు నేనే సాక్ష్యం చెప్పుకుంటాను.
చక్రం తిరుగుతుంది.
తర్వాత ఆ ఒక్క మాట:
అందింది.

పదిహేడు నెలలుగా అదే.
అందిందట.
వాళ్ళకి అందింది, మాకేమీ అందలేదు.
అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు గానీ
ఆ తెల్లటి తెరకి జుట్టూ లేదు, కాళ్ళూ లేవు.
కింద బూడిదరంగులో ఆఖరిసారి మార్చిన తేదీ,
నిరుడు మార్చి నాలుగు.
ఆ రోజు కాకరకాయ వేపుడు తిన్నాం.
అదీ గుర్తుంది నాకు.

సుచరిత ఎప్పుడూ చూడదు.
వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ చేసొచ్చి
గుమ్మంలో బూట్లు విప్పుతూ నా మొహం చదువుకుంటుంది.
"మిసెస్ హాల్పిన్ ఇవాళ రెండు చెంచాలు ఎక్కువ తింది"
అంటుంది, అంతే.
మేఖలకి ఆరు నిండబోతున్నాయి.
పీఆర్ అంటే పార్సిల్ అనుకుంటోంది.
మన తలుపులోంచి పడుతుందా నాన్నా, అంత పెద్దదా,
లేచినప్పుడల్లా ఒకటే ప్రశ్న: వచ్చిందా?

పగలు షెడ్డులో నారింజల పెట్టెలకి లేబుళ్ళు అంటిస్తాను.
సాయంత్రానికి అవి కొరియా దారి పడతాయి.
వాటికీ పరీక్ష ఉంది, ఈగ గుడ్డు పెట్టిందేమోనని.
కానీ ఏదో ఒకటి ఆ పూటే తేలుతుంది.
పదేళ్ళలో ఏ కొమ్మన ఉన్నావని
నారింజని ఎవరూ అడగరు.

నన్నడిగారు.
ఎక్కడెక్కడ పడుకున్నావో తేదీలతో సహా,
నడుమ ఖాళీ లేకుండా.
నిజాంపేట హాస్టల్లో నాలుగో అంతస్తు,
క్లేటన్‌లో ఐదుగురం కలిసి తీసుకున్న రెండు గదులు,
అన్నీ రాశాను.
ఒక్కటి తప్ప.

కరోనా ఏడు, ఆగస్టులో,
నలభై ఒక్క రోజులు నోబుల్ పార్క్‌లో
ఎవరిదో గరాజ్‌లో పడుకున్నాను
గడ్డి కోసే మిషను పక్కన, పెట్రోలు వాసనలో.
నాకు పనిలేదు. ఆ చోటికి నంబరు లేదు.
తెనాలిలో సుచరితకి అప్పుడు ఏడో నెల.
వీడియో కాల్ చేసినప్పుడల్లా గోడకి దుప్పటి కట్టేవాణ్ణి,
వెనక పారలు కనపడకుండా.

ఫారంలో ముందింటి తేదీని నలభై ఒక్క రోజులు లాగాను,
చిరుగుని పక్క గుడ్డతో లాగి కుట్టేసినట్టు.

రోజూ ఐదుంపావుకి నేను వెతికేది
బహుశా ఫలితం కాదు.
బ్రిస్బేన్‌లోనో అడిలైడ్‌లోనో
నేనెరగని ఒకావిడ కాఫీ పక్కన పెట్టి
ఆ కుట్టు మీద వేలు ఆన్చిందేమోనని.

నిన్న మాట మారింది.
మరింత పరిశీలన.
కెటిల్ మరిగి, ఆగి, చల్లారింది.
సుచరిత వచ్చింది. నా మొహం చదివింది.
బూట్లతోనే కూర్చుంది.
గరాజ్ సంగతి అప్పుడు చెప్పాను,
ఆరేళ్ళకి.
అబద్ధమెందుకు రాశావనలేదు,
ఇప్పుడేమవుతుందనలేదు.
"చలేసిందా?" అంది.

వేసింది.

తప్పు జవాబుల్ని దిద్దుకోడానికి కూడా ఒక ఫారం ఉంది.
దానికీ ఒక నంబరుంది.
ఆ ఇంటి చిరునామా కింద "వెనక గరాజ్" అని
తనే టైపు చేసింది.
కారణం అన్నచోట నేను "పొరపాటు" అని పెట్టాను.
తను చెరిపేసింది.
పేజీడు పట్టే గడి అది,
మాకు దొరికినవి రెండక్షరాలు:
సిగ్గు.
దాన్ని వాళ్ళ ఇంగ్లీషులోకి ఎక్కించడానికి
మధ్యాహ్నం దాకా కూర్చున్నాం.
తను నిద్రపోనేలేదు.

ఇవాళ ఐదుంపావు.
పైన పరిశీలన అలాగే ఉంది.
అట్టడుగున కొత్త కాగితం ఒకటి, దాని పక్కన
అందింది.

మేఖల దుప్పటి ఈడ్చుకుంటూ వచ్చింది.
వచ్చిందా నాన్నా?
లేదురా. మనదే వెళ్ళింది, అన్నాను.
అర్థం కాలేదు దానికి.
పాలు కావాలంది.