అడుగు కనపడేది గరిటెకే

కొర్లగుంటలో మోటార్లు చుట్టే షాపు మీద
పదడుగుల గది నాది.
కిటికీలోంచి కొండ కనపడదు,
కాలిన రాగి తీగల వాసనొస్తుంది.
నా మూడు సర్వర్లు మాత్రం
నేనెప్పుడూ చూడని ఊళ్ళలో ఉన్నాయి,
ముంబయిలో ఒకటి, సింగపూరులో రెండు.
బాడుగ నాది, ఇల్లు వాళ్ళది.

ఒక్కోదానికి నెలకు ఇరవై టెరాబైట్ల కోటా.
దాటితే జరిమానా.
మిగిలితే?
మిగిలితే ఏమీ లేదు.
పదిహేడో తేదీ అర్ధరాత్రి
వాడనిదంతా కర్పూరంలా పోతుంది,
వాసన కూడా వదలకుండా.

పోయిన జాతర దాకా ఇంతే.
మునికన్నయ్య ప్రసారం వారంలో ఇరవైనీ తాగి
ఇంకో తొమ్మిదికి జరిమానా కట్టించేది.
పక్కనే చెంగల్రాయులు మామిడి ధరల సర్వరు
నాలుగు తిని కాళ్ళు చాపుకొని పడుకొనుండేది.
సుభాషిణి టీచరు కెమిస్ట్రీ పాఠాలు
రెండు దాటిన నెల లేదు.

కంపెనీకి రాశాను,
మూడూ కలిపి ఒకే కుండ చేయమని.
ఎవరో ఒక మీట నొక్కారు. అరవై.
ఇంత సులువా అని
రెండేళ్ళ జరిమానాలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

చెంగల్రాయులు ఒప్పుకోలా.
బంగారుపాళెం మండీ నుంచి ఫోన్లో అరిచినాడు:
"నా గంపలో కాయ మిగిలితే
పక్కోడి బండికెక్కిస్తావా మే?"
"కాయ కాదన్నా ఇది. రేపటికి నిలవుండదు,
గుజ్జు ఫ్యాక్టరీ కూడా కొనదు."
కాసేపు తక్కెడ చప్పుడు.
"సరే. తోతాపురి రేటు మాత్రం ఆగకూడదు."

టీచరమ్మను నేను అడగనే లేదు.
ఎప్పుడూ వాడని మనిషి కదా అనుకున్నా.
అది నా తప్పు, ఇక్కడ రాసి పెడుతున్నా.

ఈ ఏడు జాతర చూసేవాళ్ళు రెట్టింపయినారు,
కువైట్ నుంచి, అంబత్తూరు నుంచి, ఎక్కడెక్కడి నుంచో.
బైరాగి వేషం, బండ వేషం, తోటి, దొర...
మాతంగి వేషం నాటికి కుండలో మిగిలింది
ఒక్క టెరాబైటు.
పదహారో తేదీ రాత్రి పది,
కొత్త కోటాకు ఇంకా ఇరవయ్యారు గంటలు.

అప్పుడు లేచింది గ్రాఫులో ఆ మూడో గీత,
రెండేళ్ళుగా నేల కరుచుకొని పడున్న గీత.
సప్లిమెంటరీ పరీక్షలు.
పుత్తూరులో, నగరిలో, పలమనేరులో
తప్పిన పిల్లలు దుప్పటి కింద ఫోను పెట్టుకొని
ఒకే పాఠం మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పుకుంటున్నారు:
రసాయన సమతాస్థితి.

కలపడమంటే
ఎవరిది ఎవరు తాగినారో తెలియకపోవడం కూడా.
అంబలి పోసే చోట
గరిటె పట్టుకున్న మనిషికే అడుగు కనపడుతుంది.

మునికన్నయ్యనూ అడగలేదు.
ప్రసారం నాణ్యత మూడు మెట్లు దించేశాను.
వేల తెరల మీద మాతంగి ముఖం
గళ్ళు గళ్ళుగా చెదిరింది,
పసుపేదో కుంకుమేదో తెలియలేదు.
డప్పు మాత్రం తెగలేదు.

పొద్దున్నే వచ్చినాడు,
సున్నపుకుండల వేషానికి ఒళ్ళంతా తెల్ల చుక్కలతో.
"బొమ్మ మసకబారిందేం పాపా?"
చెప్పాను.
"ఎంతమంది పిల్లోళ్ళు?"
"నాలుగొందల పన్నెండు."
ఏమీ అనలేదు. సత్తు గ్లాసులో అంబలి
నా కీబోర్డు పక్కన పెట్టి,
"ఎర్రగడ్డలు అడుగునుంటాయి, కలుపుకొని తాగు" అని
మెట్లు దిగిపోయినాడు.
మెట్ల మీద సున్నపు పాదాలు.

టీచరమ్మకు ఫోన్ చేశాను, ఒప్పుకుందామని.
ఎత్తలేదు.
క్లాసులో ఉందేమో.