పదో పేరు

మా బడికి ఒక్కటే కారిడార్.
ఈ చివర ఆఫీసు, ఆ చివర భోజనాల గది,
మధ్యలో గోడ పొడుగునా నూట పద్నాలుగు కొక్కేలు,
నెబ్రాస్కా చలికి తొడిగిన కోటు విప్పి తగిలించడానికి.
ఫోన్లు నేనే ఎత్తుతాను, జ్వరాలు నేనే చూస్తాను,
డ్రైవర్ రానినాడు రెండో నంబరు బస్సు నడుపుతాను.
అక్టోబరు ఒకటో తేదీన మాత్రం
పిల్లల్ని అంకెలు చేసి లింకన్‌కి పంపుతాను.

నేను చేరిన కొత్తలో ఈ పని సులువు.
జాతి అన్న గడిలో ఒకటే అక్షరం,
కిందికి లాగుతూ పోతే పేజీ నిండేది.
అందరూ చెక్‌ల మనవలు, జర్మన్ల మనవలు,
మొక్కజొన్న పీచు లాంటి జుట్టుతో వచ్చేవాళ్లు.
తర్వాత నది పక్కన మాంసం ఫ్యాక్టరీ తెరిచారు.

ఇప్పుడు ఇంటి భాష అని ఇంకో గడి.
నొక్కితే జాబితా జారుతుంది.
మాతిన్ వాళ్లమ్మ మాట్లాడే కాన్‌హోబాల్ అందులో లేదు.
"ఇతరములు" అని పెట్టాను.
ఆమె రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చి,
వేళ్లింకా కొంకర్లు తిరిగే ఉండగా
ఆ మాట పక్కనే సంతకం చేసింది.

మూడో తరగతిలో పదకొండు మంది.
ఒక్కొక్కరి బరువు తొమ్మిది శాతం.
పోయిన ఏప్రిల్, పరీక్షకు ముందు రాత్రంతా
రస్సెల్ హ్రుస్కా తండ్రితో కొట్టంలోనే ఉన్నాడు,
దూడకి వెనక కాళ్లు ముందొచ్చాయట.
దూడ బతికింది. తొమ్మిది శాతం పోయింది.
ఎవులాలియా మొదటి పేజీ చదివింది,
చదువుతూనే ఉంది గంట కొట్టేదాకా.
డెబ్బై మూడు నుంచి యాభై ఐదుకి.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, నిజమే.
మాది కుండ కాదు, పిడికెడు.
ఏ మెతుకు నలిగినా ఎవరింటిదో చెప్పగలం.

సెప్టెంబరు బోర్డు మీటింగులో కాఫీ అయిపోయింది.
ఇరవై మైళ్ల అవతలి బడిలో కలిపేస్తే పోలా, అన్నారొకరు.
లారెన్స్ టియాడెన్ కళ్లద్దాలు సర్దుకుని
కాగితం మీద ఒకచోట వేలు పెట్టాడు.
ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్ల వరస.
"ఇక్కడ అంకె లేదేం? చుక్క ఉంది?"
పరీక్ష రాసేవాళ్లు పదిమంది లోపైతే అంకె చూపరు,
చుక్క పెడతారు, పిల్లల గుట్టు బయటపడకుండా, అన్నాను.
ఎవరూ నవ్వలేదు.
ఆ తొమ్మిదిమంది ఏ ట్రెయిలర్లలో ఉంటారో,
ఎవరి కిటికీకి అద్దం బదులు దుప్పటి ఉందో
ఆ గదిలో తెలియనివాళ్లు లేరు.
బస్సు అక్కడిదాకా వెళ్లదనీ తెలుసు.
వెళ్లొద్దని చెయ్యెత్తింది వాళ్లే.

ఇవాళ పొద్దున పదో పేరు వచ్చింది.
కాతల్. తొమ్మిదేళ్లు. మగపిల్లాడి కోటు,
జేబులో సగం కొరికిన రొట్టె.
మాతిన్‌ని క్లాసులోంచి పిలిపించాను.
జాబితాలో లేని భాషలో వాడు
బాత్రూం ఎక్కడో, పాలు ఎప్పుడిస్తారో,
మిసెస్ నోవోట్నీ అరిస్తే అది కోపం కాదు, చెవుడనీ
గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.
దాన్ని వేసే గడి నా దగ్గర లేదు.
చదవడంలో వాడిది "ప్రమాణానికి దిగువ".

ఈ పేరు ఎక్కిస్తే చుక్క రాలిపోతుంది.
వచ్చే ఏడు అక్కడొక అంకె ఉంటుంది,
చిన్నదే అయ్యుంటుంది,
లారెన్స్ వేలికి సరిగ్గా దొరుకుతుంది.
రేపు రాస్తే లెక్కల రోజు దాటిపోతుంది కదా
అని ఒక్క క్షణం అనుకున్నాను. దాచను.

కాతల్ నా బల్ల అంచు పట్టుకుని
మునివేళ్ల మీద లేచి తెరలోకి చూస్తోంది.
పైకి చదువుతూ ఒక్కో అక్షరమే కొట్టాను.
ఇంటిపేరులో ఒకచోట తప్పింది,
మాతిన్ వేలు పెట్టి దిద్దాడు.

కొక్కెం ఖాళీ లేదు.
కోటు ప్రస్తుతానికి నా కుర్చీ వెనక వేశాను.
మేకు దొరకాలి.