తొమ్మిదిసార్లు మొరిగింది

క్లైపెడా రేవులో నా ఉద్యోగం లారీలు తూచడం.
ఇరవై కిలోల లోపు దేన్నీ నా కాటా గుర్తించదు.
డ్రైవరు కోటు జేబులో పిల్లిపిల్లను దాచుకొచ్చినా
అంకె కదలదు.

రాత్రిళ్లు ఇంకో కాటా.
ఐమాంతస్ వంటింట్లో, పొగబెట్టిన చేపల పళ్లెం చుట్టూ ముగ్గురం.
దీపస్తంభం కాపలావాడి కుటుంబం కథ,
మా చిన్నప్పటి టీవీ సీరియల్, అరవై రెండు భాగాలు.
దాని మీద మేం కట్టుకుంటున్న విజ్ఞానకోశంలో
ఇప్పటికి నాలుగు వందల పదిహేడు వ్యాసాలు.
కాపలావాడికి ఒకటి. అతని రెండో పెళ్లికి ఒకటి.
దీపానికి, సరే, మూడు.

ఇవాళ్టి పంచాయితీ మర్గిస్.

కుక్క. ఒక్క భాగంలోనూ కనిపించదు.
తలుపు అవతల మొరుగుతుంది, అంతే.
పేరు ఒకేసారి వినిపిస్తుంది, పదకొండో భాగంలో.
చిన్నపిల్ల నోట్లో రొట్టెముక్కతో అంటుంది గనక
అది పేరో పొలమారడమో అని ఆర్నెల్లు తగువాడుకున్నాం.
మర్గిస్ అంటే మచ్చలది అని.
దాని రంగు గురించి మాకున్న సాక్ష్యం అంతే.

"ఆటలో అరటిపండు" అన్నాడు ఐమాంతస్.
"దీనికిస్తే రేపు గాలికీ ఇవ్వాలి వ్యాసం.
మూడు సన్నివేశాల్లో కనిపించాలన్నది నియమం.
కనిపించాలి. ఆ మాట రాసింది నువ్వే."
నేనే.
"గాలికి పేరు లేదుగా" అంది జివిలె, ముల్లు తీస్తూ.

బొమ్మ గడిలో ఏం పెడతాం?
మూసిన తలుపా?
జాతి: తెలియదు. వయసు: తెలియదు.
నటించినవారు: ఇక్కడ ముగ్గురం నవ్వాం,
ఎవడో మనిషే మొరిగి ఉంటాడు
మైకు ముందు, చొక్కా చేతులు మడుచుకుని.
ఆ పూట కూలి జేబులో వేసుకుని ట్రాలీబస్సు ఎక్కి ఉంటాడు.

అప్పుడు తీసింది జివిలె తన లెక్కల పుస్తకం.
రెండో భాగంలో ఒకసారి. ఐదులో రెండుసార్లు.
పదకొండులో ఒకటి, పదిహేడులో వరసగా మూడు,
ఇరవై నాలుగులో దూరంగా ఒకటి.
ముప్పై ఒకటిలో, మంచుతుఫాను రాత్రి, ఒకటి.
ఇక లేదు.
ఆ తర్వాత తలుపు తట్టినవాళ్లు నలభై మంది.
పోస్టుమాన్, అప్పులవాడు, తప్పిపోయి తిరిగొచ్చిన తమ్ముడు.
ఎవరి మీదా మొరగలేదు.
ఇంట్లోవాళ్లు ఒక్కరైనా
కుక్కేదీ అని అడగలేదు.

ఐమాంతస్ చేప కింద పెట్టాడు.
"శబ్దాలవాడు మానేసి ఉంటాడు. డబ్బులిచ్చి ఉండరు."
కాసేపాగి,
"ముప్పై రెండులో కాపలావాడు
గోడకు పార ఆనిస్తాడు కదూ" అన్నాడు.
మంచు తీయడానికే అయ్యుండొచ్చు.
పార మీద వ్యాసం ఉంది మాకు. నాలుగు పేరాలు.

ఒకరు సరే, ఒకరు వద్దు. మిగిలింది నా ఓటు.
తూచే మనిషిని, తూకం ప్రకారమే చెప్పాను.
వద్దు.
జివిలె పుస్తకం మూసిన చప్పుడు
కొంచెం గట్టిగానే వినిపించింది.

రాత్రి రెండింటికి లేచి
ఇల్లు అన్న వ్యాసంలో, కిటికీలకూ పొయ్యికీ మధ్య,
గడప అని చిన్న శీర్షిక తెరిచాను.
నాలుగు వాక్యాలు.
కారణం అని రాసి, కొట్టేశాను.
మర్గిస్ అన్న పేరు నుంచి అక్కడికి దారి మళ్లించాను.

ఇక ఎవరైనా ఎప్పుడైనా
ఆ పేరు పెట్టి పిలిస్తే
పిలిచినవాళ్లే
గడప దగ్గరికి వస్తారు.