పాసు గడువు

గుంతకల్లు రైల్వే క్వార్టర్లో
చుట్టుకుపోయే ఇండియా పటాన్ని పరిచి
నాలుగు మూలలా నాలుగు చెనక్కాయలు పెట్టి
దారి వెతుకుతున్నాం.

ఏప్రిల్ దాటితే నా పాసు చెల్లదు.
పాపకు పరీక్షలైపోయినాయి.
వాకిట్లో వేపపూత, ఊడ్చినంతసేపూ రాలుతానే ఉంది.

"జైసల్మేర్" అంది భార్గవి,
ఒంటెను పాఠంలో తప్ప చూడని పిల్ల.
"ఎండలోంచి ఎండలోకా?"
పక్కింటి గార్డు మస్తానయ్య పగలబడి నవ్వినాడు.

ఎన్నిచోట్ల మారాల, ఎన్ని రాత్రులు,
సజ్జరొట్టెలు ఎన్నాళ్లు ఆగుతాయి,
ఊరిబిండి ఏ డబ్బాలో...
నేను లెక్కలేస్తా ఉంటే
తిప్పక్క గమ్మున ఉండిపోయింది.

దానిది కణేకల్లు పక్క పల్లె.
హగరి మీద గాలి లేస్తే
పొద్దున కంబళి దులిపితే ఇసుక,
రాగిముద్దలో ఇసుక,
ఉయ్యాల్లో బిడ్డ కనురెప్పల మీద ఇసుక.
వాళ్ల నాయన మూడేండ్లు పారతో ఎత్తిపోసి
నాలుగో ఏడు
చేను గట్టు ఎక్కడుందో కాలితో తడుముకుంటా
నిలబడిపోయినాడంట.

"దుడ్లు పోసి ఇసుక చూసేదా?" అంటాదనుకున్నా.
అనలేదు.
లేచిపోయి, ఖాళీ హార్లిక్స్ సీసా కడిగి
బోర్లించింది.

"ఎందుకే అది?"

"పిడికెడు తెస్తా.
మా చేనిమీద పోసి
రెండూ పక్కపక్కన చూస్తా.
దాన్ని చూడను జనం రైలెక్కి పోతారంట,
మాదాన్ని చూసి మేము ఊరిడిచినామే,
తేడా యాడుందో."

నాకు మాట రాలేదు.
మూలల్లో చెనక్కాయలు పాప ఎప్పుడు తినేసిందో
ఎడారితో సహా పటం
దానంతటదే చుట్టుకుపోయింది.