గోడ మీద సుద్దగీత

నేలమాళిగలో బాయిలర్ మళ్ళీ దగ్గింది.
రెంచి పట్టుకుని ఓయార్స్ మెట్లు దిగాడు.
ముప్పై ఒక్క చలికాలాలుగా
ఆయన చేసే వైద్యం ఒకటే:
నడుం మీద రెండు దెబ్బలు, ఒక తిట్టు.

వాల్మియెరా నుంచి గుంటిస్ వచ్చి, టార్చి వేసి చూసి
"మార్చేయండి" అన్నాడు.
"కాదూ, ఉత్తరపు గదికీ వేడి చాలంటే
దీనికే ఇంకో రెండు రేడియేటర్లు తగిలిస్తా.
లాగితే రెండేళ్ళు లాగుతుంది.
పూచీ మాత్రం నాది కాదు."
రెండు ధరలూ సిగరెట్ పెట్టె అట్ట మీద రాసి
ఆ గది గోడ మీద సుద్దతో ఒక గీత గీసి
కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

కొత్తది కొనాలంటే
వాగు అవతలి బిర్చి చెట్లు అమ్మాలి.
పాతది ఇన్నాళ్ళూ తిన్నదీ ఆ చెట్లనే.
ఈ మాటంటే ఓయార్స్ నవ్వలేదు.

ఉత్తరపు గదిలో ఏముందని?
ఉల్లిపాయలు, విరిగిన స్కీలు, నా కుట్టుమిషను.
అక్టోబరులో దానికి దుప్పటి కప్పి తలుపు వేస్తే
మళ్ళీ ఏప్రిల్ దాకా సూది ముట్టను.
ఏడాదిలో సగం సెలవు,
నేనడగని సెలవు.
ఆయనతో ఎప్పుడూ అనలేదు.

నిన్న రాత్రి మైనస్ ఇరవై మూడు.
వంటింట్లోనే పక్కేసుకున్నాం.
దీపం ఆర్పాక చాలాసేపటికి
"వెల్తా, ఆ గీత కింద నీ మిషను పడుతుందా,
పక్కకి జరపాలా?" అన్నాడు.

కింద బాయిలర్ ఒకసారి గురకపెట్టి ఊరుకుంది.
పొద్దున కొలిచి చెప్తానన్నాను.
ఆ కొలత నాకు ఎప్పుడో కంఠతా వచ్చు.