మీట మీద మచ్చ

రేషను కాడి మిషను నా బొటనేలు ఒల్లదు.
తడిగుడ్డతో తుడువంటాడు డీలరు లోకనాథం,
జుట్టుకి రాయమంటాడు,
ఇంకోపాలి, మరింకోపాలి.
ఎర్రదీపం ఎలిగి కూకుంటాది.
లైన్లో వెనకనున్న తవిటమ్మ నవ్వుతాది.
దాని వేళ్ళూ అంతే మరి,
నవ్వక ఏటి చేస్తాది?

పదకొండేళ్ళు కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టాను.
సొన అంటినకాడ తోలు లేచిపోద్ది.
బుగ్గి రాసుకుంటే మంట ఆగుద్ది,
గీతలు మాత్రం రావు.

ఇంటికాడ ఇంకో మిషనుంది.
చీటీ పాడుకున్న డబ్బులు కొంగున కట్టుకుని
రైలుగేటు అవతల ఢిల్లేశు కొట్టుకెళ్ళి
తెచ్చుకున్న పాత గ్రైండరు.
ముందర ఎవరింట్లో తిరిగిందో,
డ్రమ్ము మీద ఎవరో అంటించి పీకీసిన చిలక,
పచ్చరెక్కొకటే మిగిలింది.
మా గుంట దానికి పెన్నుతో ముక్కు గీసింది.
"రాయి గట్టిదే అప్పా, బెల్టు కొత్తదేసాను,
ఏడాది పలికితే నీ అదృష్టం" అన్నాడు ఢిల్లేశు.
నాలుగేళ్ళయింది.
పలుకుతానే ఉంది.

అంతకుముందు రాత్రి తొమ్మిదింటికి రోలు ముందర.
పొత్రం ఒక చుట్టు తిరిగితే
నా భుజం రెండు చుట్లు తిరిగేది.
పిండిలో ఉప్పేసి కలిపినప్పుడు
పగిలిన వేళ్ళు ఒక్కోటీ పేరు పెట్టి పిలిచేవి నన్ను.

ఇది తెచ్చిన రాత్రి
మినపప్పు పోసి మీట నొక్కాను.
తడిగుడ్డ అడగలేదు,
కార్డు అడగలేదు,
గుర్రుమంది.
గూట్లో గ్లాసులు ఒకదాంతో ఒకటి మాటాడుకున్నాయి.

ఆ ముప్పావుగంట ఏటి చేసుకోవాలో
నాకు తెలీలేదు.
పక్కన పీటేసుకుని కూకున్నాను,
పనిచేస్తున్న మనిషిని ఊరికే చూసినట్టు
సిగ్గుగా.
నెల్లాళ్ళు పట్టింది
అటు తిరిగి పడుకోడం నేర్చుకోడానికి.

మిగతావీ ఉన్నాయిలే.
లైటరు అలక మనిషి,
మూడోసారికి గాని మాటినదు.
కుక్కరు మా ఆయనకి వదిలీసాను.
నాలుగు కూతలు లెక్కెట్టమంటే
పలాస స్టేషన్లో రైలు కూత కూడా కలిపీసి
ముందే కట్టీస్తాడు.
ఆ పూట పప్పు పలుకు పలుకు.
"రైలుదే తప్పు" అంటాడు.

తుపానొచ్చినప్పుడు పదకొండు రోజులు కరెంటు లేదు.
జీడితోటలు నేలకి పడుకున్నాయి.
గ్రైండరు మీద గోనె కప్పి
కోళ్ళగూడు పక్కనుంచి రోలు దొర్లించుకొచ్చాం.
వీధి వీధంతా ఆ ఒక్క రోలు మీదే.
మొదటి రోజు కబుర్లు చెప్పుకున్నాం,
మూడో రోజుకి భుజాలే చెప్పుకున్నాయి.

ఫ్యాక్టరీ లేదు, పిక్క లేదు,
వేళ్ళకి సొన లేదు.
పదో రోజునో ఏమో
బొటనేలి మీద ఒక గీత
వరినారంత సన్నంగా మొలిచింది.
దీపం కాడికెళ్ళి చూసుకున్నాను.
తవిటమ్మకి చూపిస్తే
"ఓలమ్మ, బియ్యానికి బేగెల్లు,
అది మళ్ళీ పోకముందే" అంది.
ఎల్లాను.
మిషనుకి సిగ్నలు లేదు.

కరెంటొచ్చిన సాయంత్రం వీధంతా కేకేసింది.
గోనె తీసీసి, చిలక రెక్క తుడిచి,
నానిన పప్పు పోసాను.
రోలు తిప్పినోళ్ళందరూ
గిన్నెలట్టుకుని గుమ్మంలోనే ఉన్నారు.
రాత్రి పదింటి దాకా తిప్పాను,
అంటే, అది తిప్పింది.

ఫ్యాక్టరీ తెరిచారు. గీత పోనాది.

నిన్న బూజు దులుపుతా చూసాను.
తెల్లటి మీట మీద నల్లగా ఒక మచ్చ,
నాలుగేళ్ళుగా నొక్కి నొక్కి పడింది.
గీతల్లేవు, అంచుల్లేవు,
నా బొటనేలంత ఉంది.
సబ్బు నీళ్ళు తెస్తానంది మా గుంట.
ఉండనియ్యే, అన్నాను.