వెనక్కి తిప్పకూడని గడియారం

సూర్యుడు కొండ వెనకే ఉండిపోయి
ఇవాళ్టికి నలభై ఒకటో రోజు.
ఈసాఫ్యోర్దుర్‌లో చలికాలం పొద్దునెవరూ నమ్ముకోరు,
గడియారాన్ని నమ్ముకుంటారు.
రాగ్న్‌ఫ్రీథుర్ కోపం అందుకే.

నిన్న మధ్యాహ్నం చేపల వేలంలో పద్నాలుగో లాటు,
గాలంతో పట్టిన కాడ్, మూడొందల కిలోలు.
తెర మీద ఇంకా నాలుగు సెకన్లుండగా
ఆమె మీట నొక్కింది.
ఎప్పుడో అయిపోయిందంది మా యంత్రం.
"నా కళ్లు అబద్ధమా, నీ డబ్బా అబద్ధమా?"
ఫోన్‌లో ఆమె గొంతు వెనక
ఎవరో కత్తి నూరుతున్నారు.

సర్వర్లుండేది పాత ఐసు గదిలో.
గోడలింకా నీచువాసన వదల్లేదు.
అయినా ముందు నేను వెళ్లింది అక్కడికి కాదు,
చీపురు పట్టుకుని కప్పు మీదికి.
యాంటెన్నా నెత్తిన మంచు పేరుకుని
ఆకాశం వినపడటం లేదేమో అనుకున్నాను.
దులిపాను. దిగి చూస్తే
పదకొండు ఉపగ్రహాలు మొదట్నుంచీ పలుకుతూనే ఉన్నాయి.
పలకనివి నా వేళ్లే.

తెల్లారుజాము నాలుగు దాటాక
రెండు యంత్రాలనీ ఒకే ప్రశ్న అడిగాను.
ఒకటి పన్నెండు నిమిషాల తొమ్మిది సెకన్లంది,
రెండోది పదహారంది.
ఒకే బీరువాలో, ఒకదాని మీద ఒకటి,
ఒకే కరెంటు తాగుతూ
ఏడు సెకన్ల ఎడంతో కాపురం.

పదహారన్నదాని చిట్టా విప్పాను.
పదిహేడు నిమిషాలకోసారి
టైమెంత, టైమెంత అని పైవాణ్ణి అడుగుతూనే ఉంది పాపం.
జవాబు లేదు. పద్నాలుగు రోజులు.
ఒక్క ఎర్రదీపమైనా వెలిగించలేదు,
తన లెక్కే లెక్కనుకుని
రోజుకి అర సెకను చొప్పున ముందుకి నడిచింది,
తప్పిపోయినవాళ్లు నడిచేంత ధీమాగా.

పద్నాలుగు రోజుల కిందట, డిసెంబరు ఇరవై మూడు.
ఊరంతా పులియబెట్టిన టేకు చేప ఉడికే రోజు.
ఆ ఘాటుకి ముక్కులు పట్టుకుని నవ్వుతూ
ఇంట్లోవాళ్లు నన్ను రమ్మంటున్నారు.
కొత్త ఫైర్‌వాల్ బిగించి,
ఒక్కో తలుపూ తెరుస్తూ వచ్చి,
నూట ఇరవై మూడో తలుపు మరిచి
కోటు తొడుక్కున్నది నేనే.

ఇప్పుడు తెరిచాను. అర నిమిషం పని.

"ఒక్క దెబ్బకి వెనక్కి తిప్పెయ్, పడుకో" అన్నాడు
అకురేరి నుంచి ఓట్టార్, ఆవులిస్తూ.
తిప్పితే అవే ఏడు సెకన్లు రెండోసారి వస్తాయి.
కొన్నవాడి పేరు ముందు, పాడిన పాట తర్వాత,
పడవ రేవు చేరకముందే చేపలు తూకమెక్కుతాయి.
వేలం పుస్తకంలో అది తప్పు కాదు, దొంగతనం.

అందుకని కాలాన్ని సాగదీశాను.
వెయ్యి సెకన్లకి అర సెకను, అంతకు మించి వద్దన్నాను.
ఏడు సెకన్లు కరగడానికి
నాలుగు గంటలకి ఏడు నిమిషాలు తక్కువ.
ఆ యంత్రంలో ప్రతి క్షణమూ
వెంట్రుకవాసి లావెక్కింది.
రేవులో ఇంజన్లకి తెలియలేదు.
బేకరీ దీపానికి తెలియలేదు.
నేను మాత్రం ఫ్లాస్కు మూత కప్పుతో కాఫీ తాగుతూ
పదహారు పదిహేనున్నర కావడం,
పదిహేనున్నర పదిహేను కావడం
జ్వరం దిగుతున్న బిడ్డ పక్కన కూచున్నట్టు
చూస్తూ కూచున్నాను.

ఎనిమిదిన్నరకి ఫోన్ చేశాను. బయటింకా చీకటే.
"నీ కళ్లే నిజం" అన్నాను.
కత్తి చప్పుడు ఆగింది.
చేపలు రాత్రే లారీ ఎక్కాయని ఇద్దరికీ తెలుసు.
క్షమాపణ ఉత్తరం రాస్తానన్నాను,
వేలం సంఘం ముద్ర వేయించి.

"ఉత్తరం సరే," అంది, "నేను అరిచాను.
అరవకుండా ఇంటికెళ్లినవాళ్లెందరు?"

అది లెక్కెయ్యలేదు నేను.
కాఫీ అయిపోయింది. చిట్టా మళ్లీ తెరిచాను.
డిసెంబరు ఇరవై ఏడు. మొదటి లాటు.
ఆలస్యమని తోసేసిన పాట ఒకటి,
రెండు సెకన్ల తేడా.
పేరు రాసుకున్నాను.